సగం కాగితం మీద, సగం మొహం మీద

బల్ల మీద బంగాళాదుంప పొగలు కక్కుతోంది. ఇంటిల్లిపాదీ తినడానికి కూర్చున్నారు. పిల్లవాడు ఫోర్కుతో చిన్న ముక్క తీసుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊది, చల్లారాక నోట్లో పెట్టుకుని, బాగుందన్నట్టు నాలుకతో టక్కున చప్పుడు చేస్తాడు. తర్వాత అన్న వంతు. అలాగే ఊదడం, అలాగే చప్పరించడం. తర్వాత అమ్మ. ఈపాటికి వింటున్న పిల్లలకు లెక్క తెలిసిపోయింది, వాళ్లూ పెదాలు సున్నా చుట్టి ఊదడం మొదలుపెట్టారు. అప్పుడొస్తాడు నాన్న. పెద్ద ముద్ద తీసుకుని, ఊదడమూ లేదు పాడూ లేదు, నేరుగా నోట్లో వేసుకుంటాడు. ఇక చూడాలి ఆయన అవస్థ. కళ్లు గుడ్లగూబవుతాయి, చేతులు గాల్లో కొట్టుకుంటాయి, ముద్ద ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి పరుగులు తీస్తుంది. చివరికి ఉమ్మేసి, మిగతావాళ్ల వైపు తిరిగి, జాగ్రత్త సుమా, చాలా వేడిగా ఉందని పెద్దరికంగా హెచ్చరిస్తాడు.

అప్పటికే ముగ్గురూ తినేశారన్న సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు. హాల్లో ఉన్న రెండు మూడు వందల మంది పిల్లలు విరగబడి నవ్వేది అందుకే.

ఈ కవిత పేరు ‘హాట్ ఫుడ్’. రాసిందీ, నిలబడి చెప్పిందీ ఇంగ్లండు కవి మైకేల్ రోజెన్. అచ్చులో చూస్తే చిన్న చిన్న పంక్తులు. ప్రాస లేదు, గణాల లెక్క లేదు, అలంకారాల కోసం వెతికినా పెద్దగా దొరకవు. ‘ఇందులో కవిత్వం ఎక్కడుంది?’ అని పండితులు అడిగితే తప్పు పట్టలేం. రోజెన్ మీద ఆ ప్రశ్న యాభై ఏళ్లుగా పడుతూనే ఉంది. ఆయన చెప్పే తీరు చూసినవాళ్లకు మాత్రం ఒక సంగతి బోధపడుతుంది. అచ్చులో ఉన్నది సంగీతజ్ఞుడి ముందుండే స్వరలిపి మాత్రమే. మిగతా సగం ఆయన కనుబొమ్మల్లో, బుగ్గల్లో, ఎక్కడ ఆగాలో తెలిసిన ఊపిరిలో ఉంది. ఆ సగాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆయన్ని తూచడం కుదరదు.

రోజెన్ 1946 మే 7న లండన్ శివారు హారోలో పుట్టారు. పక్కనే ఉన్న పిన్నర్‌లో, ఒక దుకాణం పై అంతస్తు ఫ్లాట్‌లో పెరిగారు. నాన్న పేరు హెరాల్డ్, అమ్మ పేరు కోనీ. ఇద్దరూ లండన్ ఈస్ట్ ఎండ్ పేటల్లో పెరిగిన యూదు కుటుంబాల పిల్లలు, పదహారు పదిహేడేళ్లకే కమ్యూనిస్టు యువజన సంఘంలో కలుసుకున్నారు. 1936 అక్టోబరులో ఫాసిస్టుల ఊరేగింపును జనం అడ్డుకున్న కేబుల్ స్ట్రీట్ పోరాటంలో ఇద్దరూ ఉన్నారు. 1957లో పార్టీ వదిలేశారు గానీ వాదన వదల్లేదు. ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కథలు, పాటలు, తిట్లు, యిడ్డిష్ సామెతలు, రాజకీయాలు అన్నీ ఒకే గిన్నెలోవి. నాలుగేళ్లు పెద్దవాడైన అన్న బ్రయాన్ నాన్నను అచ్చు గుద్దినట్టు అనుకరించి తమ్ముణ్ని నవ్వించేవాడని రోజెన్ చెబుతారు. ఆయనకు దొరికిన మొదటి నాటకశాల అన్నదమ్ములిద్దరూ పంచుకున్న ఆ పడకగదే.

తల్లిదండ్రులిద్దరూ పంతుళ్లే. హెరాల్డ్ తర్వాత లండన్ విశ్వవిద్యాలయం వారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ప్రాథమిక పాఠశాల పిల్లల భాష మీద దంపతులు కలిసి రాసిన పుస్తకం 1973లో వచ్చింది. పిల్లవాడు బడికి ఖాళీ చేతులతో రాడు, ఇంటి నుంచి ఒక నిండు భాష తెచ్చుకుంటాడు, బడి దాన్ని తుడిచేయడం మాని దాని మీద కట్టాలి అన్నది వాళ్ల నమ్మకం. కొడుకు ఆ నమ్మకాన్నే కవిత్వం చేశాడు. ఇది వారసత్వం గురించి మర్యాదకు అనే మాట కాదు. బీబీసీ బడిపిల్లల రేడియో కోసం అమ్మ కవితా కార్యక్రమాలు తయారు చేస్తూ మంచి కవితల కోసం వెతుకుతుంటే, ఇంట్లో ఉన్న కుర్రాడు తనూ కొన్ని రాసి ఇచ్చాడు. పెద్దవాడై చిన్నతనాన్ని తలచుకుంటూ రాసినవే అయినా అవి చిన్నవాడి గొంతుతోనే మాట్లాడాయి. జేమ్స్ జాయిస్ నవలలో పసివాడి మాటతోనే కథ మొదలవడం చదివాక, అమెరికన్ కవి కార్ల్ శాండ్‌బర్గ్ వీధి మాటలతో కవిత్వం రాయడం చూశాక ఆ దారి ఆయనకు దొరికింది.

మధ్యలో కొన్ని మలుపులున్నాయి. వైద్యం చదువుదామని మిడిల్‌సెక్స్ ఆసుపత్రి కళాశాలలో చేరి, ఏడాదికే ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లి సాహిత్యం చదివారు. 1969లో బీబీసీలో శిక్షణ ఉద్యోగం దొరికింది. 1972లో, బయట ఉండి పనిచేసుకోమంటూ సాగనంపారు. గూఢచారి సంస్థ చాటుగా ఉద్యోగుల రాజకీయాలను ఆరా తీసి బీబీసీకి చెప్పేదని 1985లో ఒక పత్రిక బయటపెట్టాక గానీ అసలు కారణం తెలియలేదు. ఆ ఉద్యోగం నిలిచి ఉంటే ఆయన ఏ కార్యక్రమాల నిర్మాతగానో స్థిరపడేవారేమో. పోవడం వల్ల బడుల దారి పట్టారు.

మొదటి పుస్తకం ‘మైండ్ యువర్ ఓన్ బిజినెస్’ 1974లో వచ్చింది. పిల్లల గొంతుతో రాసిన కవితలు పిల్లలకు నచ్చవంటూ ప్రచురణకర్తలు తిప్పి పంపారని రోజెన్ ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. చివరికి ఆండ్రే డాయిష్ సంస్థ వేసింది. బొమ్మలు క్వెంటిన్ బ్లేక్ గీశారు. పుస్తకం రాగానే బడుల నుంచి పిలుపులు మొదలయ్యాయి. వెళ్లి చదివితే పిల్లలు కొన్నిచోట్ల కదులుతున్నారు, కొన్నిచోట్ల దిక్కులు చూస్తున్నారు. ఎక్కడ చూపు తిరిగిపోతోందో గమనించి, అక్కడ మాట మార్చి, విరామం మార్చి, మొహం మార్చి చూశారు. పుస్తకం చేతిలో ఉంటే కళ్లు కాగితానికి అంటుకుపోతాయని పుస్తకం పక్కన పెట్టేశారు. ఆయన పనితనం ఏ నాటక పాఠశాలలోనూ నేర్చింది కాదు. సోమవారం ఉదయం చన్నీళ్ల స్నానం చేసొచ్చినట్టు కూర్చునే ప్రేక్షకుల ముందు ఏళ్ల తరబడి సానపట్టింది.

ఆ పనితనాన్ని కాస్త విప్పి చూద్దాం. దానికి ‘చాక్లెట్ కేక్’ను మించిన నమూనా లేదు. 1983 నాటి ‘క్విక్, లెట్స్ గెట్ అవుట్ ఆఫ్ హియర్’ సంపుటంలోది. కథ ఇంతే. మిగిలిన కేకు రేపు బడికి పట్టుకెళ్లొచ్చని అమ్మ చెప్పింది. అర్ధరాత్రి పిల్లవాడికి మెలకువ వచ్చింది. కేకు గుర్తొచ్చింది. చప్పుడు కాకుండా అమ్మానాన్నల గది దాటి కిందికి దిగాడు. ముందు రాలిన పొడి మాత్రమే ఏరుకున్నాడు. తర్వాత అంచు వంకరగా ఉందని చక్కబెట్టడానికి కత్తితో ఒక సన్నని ముక్క కోశాడు. అది తీసేసరికి ఇంకో అంచు వంకరైంది. అలా చక్కబెడుతూ చక్కబెడుతూ కేకంతా చక్కబెట్టేశాడు. తెల్లారి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సాక్ష్యం మొహానికే అంటుకుని ఉంది.

ఈ కథ ఎవరైనా రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. రోజెన్ దాన్ని సాగదీస్తారు. సాగదీయడంలోనే విద్య ఉంది. మెట్లు దిగేటప్పుడు ఒక్కో అడుగుకూ ఆగుతారు. నేల చెక్క కిర్రుమంటుంది, ఆయన బిగుసుకుపోతారు, హాలు మొత్తం బిగుసుకుపోతుంది. మొదటి పలుకు నోట్లో వేసుకున్నప్పుడు మాటలుండవు. పెదాల చప్పుడు, ముక్కుతో ఒక మూలుగు, కళ్లు సగం మూత. అచ్చులో ఆ చోట రెండు మూడు అర్థం లేని అక్షరాలున్నాయి, అంతే. వాటిని ముప్పై సెకన్ల భోజనం చేయడం ఆయన మొహం పని. ఇక్కడ చిన్న కిటుకు ఒకటుంది. తిండిని వర్ణించేది తక్కువ. తినేవాడి ఆత్రం చూపించేదే ఎక్కువ. వింటున్న పిల్లలు తమ నోట్లో ఊరిన లాలాజలంతో మిగతాది పూరించుకుంటారు.

రెండో కిటుకు గొంతులు మార్చడం. ఆయన కవితల్లో వర్ణన కన్నా సంభాషణ ఎక్కువ. అమ్మ గొంతు, నాన్న గొంతు, బడిలో కోపిష్టి టీచరమ్మ గొంతు. ‘నో బ్రీతింగ్ ఇన్ క్లాస్’లో ఒక టీచరు క్రమశిక్షణ ముదిరి క్లాసులో ఊపిరి పీల్చడాన్నే నిషేధిస్తుంది. రోజెన్ ఆవిడై పిల్లల్ని గుడ్లురిమి చూస్తారు. మరుక్షణం ఊపిరి బిగబట్టి బుగ్గలుబ్బిన విద్యార్థి అవుతారు. వెనక వరుసలో కూర్చున్న అసలు టీచర్లు కూడా నవ్వక తప్పదు. పెద్దల మాటల్ని పిల్లలు తమలో తాము అనుకరించుకోవడం అన్ని ఇళ్లలోనూ చాటుగా జరిగేదే. దాన్ని పెద్దల ఎదుటే, వేదిక మీద, చప్పట్ల మధ్య చేయనివ్వడం ఆయన ఇచ్చిన స్వేచ్ఛ.

మూడోది, అన్నిటికన్నా పాతది, మళ్లీ మళ్లీ చెప్పడం. మూడుసార్లు ఒకేలా చెప్పి నాలుగోసారి విరగ్గొట్టడం జానపద కథకులందరికీ తెలిసిన సూత్రమే. మొదటిసారికి వింటారు, రెండోసారికి గుర్తుపడతారు, మూడోసారికి తామే అంటారు. తామే అన్నాక అది వాళ్ల సొత్తు. ఒక కవితలో మాటలు, చప్పుళ్లు, దృశ్యాలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ పోయే ఈ పోగుల్ని రోజెన్ ‘రహస్య దారాలు’ అంటారు. పిల్లలు పత్తేదారుల్లా ఆ దారాల్ని వెతికి గీతలు గీసి కలపాలంటారు. పారిభాషిక పదం ఒక్కటీ బట్టీ పట్టకుండా ఎనిమిదేళ్ల పిల్ల కవితా నిర్మాణం గురించి మాట్లాడగలదని ఆయన ధీమా. ఈ దారాల ఆటలో పడితే మాట్లాడతారు కూడా.

ఈ మళ్లీ మళ్లీ చెప్పడం ఆయనకు తెచ్చిన పేరు మరే విద్యా తేలేదు. ‘వియర్ గోయింగ్ ఆన్ ఎ బేర్ హంట్’ ఆయన సొంత కల్పన కాదు. అమెరికాలో వేసవి శిబిరాల్లో పిల్లలు చేతులు ఆడిస్తూ పాడుకునే పాట. రోజెన్ తన ప్రదర్శనల్లో దాన్ని పాడేవారు. వాకర్ బుక్స్ సంపాదకుడు డేవిడ్ లాయిడ్ అది చూసి పుస్తకం చేద్దామన్నారు. కాగితం మీద పెడితే బొమ్మల పుస్తకానికి చాలనంత పొట్టిగా ఉంది. అప్పుడు రోజెన్ కూర్చుని, గడ్డిలో నడిస్తే ఒక చప్పుడు, ఏటిలో ఒకటి, బురదలో ఇంకొకటి చొప్పున చప్పుళ్ల మాటలు కూర్చి, కొన్ని అడ్డంకులు తనే చేర్చి పొడిగించారు. 1989లో హెలెన్ ఆక్సెన్‌బరీ బొమ్మలతో వచ్చింది. ఆ ఏటి స్మార్టీస్ బహుమతి గెలుచుకుంది. ఇప్పటికి లక్షల్లో కాదు, దాదాపు కోటి లెక్కలో అమ్ముడైన పుస్తకం.

ఆక్సెన్‌బరీ చేసిన పని ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడదగ్గది. ఇంటివాళ్లు అడ్డంకి ముందు నిలబడి ఏం చేద్దామని అనుకునే పేజీలు నలుపు తెలుపుల్లో ఉంటాయి. అడ్డంకిలో దిగి నడిచే పేజీలు రంగుల్లో. చదివే అమ్మకు ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ పెంచాలో బొమ్మే చెప్పేస్తుంది. ఆ గుంపులో అందరికన్నా పొడుగాటివాణ్ని చాలామంది నాన్న అనుకుంటారు. ఆవిడ గీసింది పెద్దన్నయ్యను. పెద్దలెవరూ లేకుండా పిల్లలే ఎలుగుబంటి వేటకు బయల్దేరారన్నమాట. 2014లో పుస్తకం ఇరవై అయిదేళ్ల పండుగకు రోజెన్ లండన్‌లో పదిహేను వందల మంది పిల్లలతో కలిసి చదివితే, ఆన్‌లైన్లో మరో ముప్పై వేల మంది గొంతు కలిపారు. ‘అతి పెద్ద పఠన పాఠం’గా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

అభినయ గేయాలు పాడుతూ పెరిగిన తెలుగువాళ్లకు ఇందులో కొత్తేముందనిపించొచ్చు. నిజమే, చేతులు తిప్పుతూ, చప్పట్లు చరుస్తూ పాడడం మనకు ఉగ్గుపాలతో వచ్చిందే. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై మద్రాసు రేడియోలో పిల్లల చేతే పాడించారు, ఆడించారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టి పిల్లల చేతే రాయించారు. ముళ్లపూడి వెంకటరమణ, బాపు చిన్నప్పుడు అందులోనే కలాలు విదిల్చారు. తేడా ఎక్కడుందంటే, మన బాలగేయం ఎక్కువగా మాత్రాఛందస్సు నడకలో సాగుతుంది, చందమామనో చిలకనో పలకరిస్తుంది, చాలాసార్లు చివర్లో ఒక బుద్ధి చెప్పి గానీ వదలదు. పిల్లవాడు తన ఇంటి గురించి, తన అమ్మానాన్నల గురించి తన వాగుడుతోనే మాట్లాడడం మన దగ్గర పద్యంలోకి అంతగా రాలేదు. వచనంలోకి వచ్చింది. ముళ్లపూడి ‘బుడుగు’ చేసిన పని అదే. రోజెన్‌ని తెలుగువాళ్లకు పరిచయం చేయాలంటే, బుడుగు పెద్దయ్యాక తన మాటల్ని తనే వేదికెక్కి అభినయిస్తే ఎలా ఉంటుందో అలా అని చెప్పడం సులువు. సీగానపెసూనాంబ లేదు, దెబ్బలాడుకునే అన్న ఉన్నాడు.

ప్రదర్శన ఒక్కటే అయితే రోజెన్‌ని మంచి హాస్యనటుడని మెచ్చుకుని ఊరుకోవచ్చు. ఆయన చేసిన రెండో పని పిల్లల చేత రాయించడం. 1989లో టీచర్ల కోసం రాసిన ‘డిడ్ ఐ హియర్ యు రైట్?’ పుస్తకం సారం, పిల్లలు మాట్లాడేదాన్నే కాగితం మీదికి ఎక్కించవచ్చని. వసంతం మీద కవిత రాయమంటే పిల్లలు పెన్సిలు కొరుకుతారు. అదే మీ ఇంట్లో మీతో రోజూ ఏమంటుంటారని అడగండి, బల్లకు బల్ల లేచి చెబుతుంది. ఆ మాటల్ని ఒకదాని కింద ఒకటి రాస్తే ముందే ఒక కవిత ఆకారం వచ్చేస్తుంది. ఇంకో పద్ధతి, జరిగిన ఒక సంఘటనను సినిమా ఆపినట్టు ఒక్క క్షణం దగ్గర ఆపడం. ఆ క్షణంలో ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది, ఎవరేమంటున్నారు, లోపల ఏమనుకుంటున్నావు, అంతే. ఎలా అనిపించిందో చెప్పమని ముందే అడగరు. ఇవన్నీ రాస్తే అదే తెలుస్తుంది.

కవిత చదివించాక టీచర్లు అడగాల్సిన ప్రశ్నలూ ఆయన ప్రచారం చేశారు. ఇది వింటే నీ జీవితంలో ఏదైనా గుర్తొచ్చిందా? నువ్వు చదివిందో చూసిందో ఇంకేదైనా గుర్తొచ్చిందా? ఇందులో ఉన్నవాళ్లను ఏమైనా అడగాలనుందా? మూడింటికీ తప్పు జవాబంటూ లేదు. అందుకే వెనక బెంచీ చేతులు కూడా లేస్తాయి.

ఈ పద్ధతికి ఇంగ్లండులో ప్రభుత్వాలతో పడలేదు. 2012 నుంచి ఆరేళ్ల పిల్లలందరికీ అక్షర ధ్వనుల పరీక్ష పెట్టారు. నలభై మాటలు పైకి చదవాలి. అందులో ఇరవై మాటలకు అర్థమే లేదు, పరీక్ష కోసం పుట్టించినవి. 2013 నుంచి పది, పదకొండేళ్ల పిల్లలకు వ్యాకరణ పరీక్ష. అర్థంతో పనిలేని చదువు, వాడుకతో పనిలేని వ్యాకరణం అంటూ రోజెన్ రెండింటినీ దుయ్యబట్టారు. ఒక తండ్రి విద్యామంత్రికి రాస్తున్న లేఖల రూపంలో ‘గార్డియన్’ పత్రికలో ఏళ్ల తరబడి శీర్షిక నడిపారు. అక్షర ధ్వనులు నేర్పడం అనవసరమని ఆయన అనరు. అదొక్కటే చదువనడం మీదే గొడవ. అయినా ఈ తగవులో ఆయన వాదన కొన్నిసార్లు మరీ ఒకవైపుకు ఒరుగుతుందనిపిస్తుంది. ఇంటి నిండా పుస్తకాలు, కథలు చెప్పే తల్లిదండ్రులు ఉన్న పిల్లలకు అక్షరాలు ఎలాగైనా పట్టుబడతాయి. అవేవీ లేనివాళ్లకు క్రమపద్ధతిలో నేర్పే చదువు ఊతం కావొచ్చు. ఆ సంగతి ఆయన లేఖల్లో పలచగానే కనిపిస్తుంది.

2007 నుంచి 2009 దాకా ఆయన బ్రిటన్ బాలసాహిత్య ఆస్థాన రచయిత, ఆ పదవిలో అయిదోవారు. ఆ రెండేళ్లలో నవ్వించే పిల్లల పుస్తకాలకంటూ రోఆల్డ్ డాల్ పేరిట ఒక బహుమతి పెట్టించారు. గంభీరమైన పుస్తకాలకే బహుమతులు దక్కుతున్నాయని ఆయన ఫిర్యాదు. పిల్లలు తామే కవితలు అభినయించి వీడియోలు పెట్టుకునే వెబ్‌సైటు ఒకటి మొదలుపెట్టించారు. ఆయన సొంత వీడియోలు తీసింది కొడుకు జో. తెల్లటి గోడ, ఒక కవి, ఒక మొహం. వేరే హంగు లేదు. ఆ చానల్ వీక్షణలు పది కోట్లు దాటాయి. అయిదేళ్లప్పుడు కేకు కవిత చూసి నవ్విన పిల్లలే పదిహేనేళ్లొచ్చాక ఆ వీడియోల్ని ముక్కలు చేసి, అతికించి, వేళాకోళపు రీమిక్సులు చేసి వదిలారు. బంగాళాదుంప తిన్నాక చేసే ఆ టక్కుమనే చప్పుడు వాటన్నిటిలోనూ మారుమోగింది. మొదట రోజెన్ కంగారు పడ్డారు. జాతి ద్వేషం, బూతు లేనంతవరకు అభ్యంతరం లేదని తర్వాత సర్దుకున్నారు. పెద్దల మాటల్ని వెక్కిరించడమే వృత్తిగా పెట్టుకున్నవాడు అంతకన్నా ఏమనగలడు!

నవ్వు ఒక్కటే ఆయన సరుకు అనుకునేవాళ్లు 2004 నాటి ‘శాడ్ బుక్’ చూడాలి. రోజెన్ కొడుకు ఎడ్డీ 1999లో మెనింజైటిస్ క్రిములు రక్తానికి పాకి, రాత్రికి రాత్రే పోయాడు. పద్దెనిమిదేళ్లు. అప్పటికే ఎడ్డీ పసితనపు అల్లరి మీద రోజెన్ రాసిన కవితలు బడుల్లో అందరికీ తెలుసు. ఎడ్డీ ఇప్పుడెలా ఉన్నాడని పిల్లలు మామూలుగా అడిగారు. చనిపోయాడని ఆయన మామూలుగానే చెప్పారు. పిల్లలు ఆ జవాబును తట్టుకోగలిగారు. పుస్తకానికి బీజం అక్కడ పడింది.

మొదటి పేజీలో క్వెంటిన్ బ్లేక్ గీసిన రోజెన్ బొమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటుంది. పక్కనే ఉన్న మాటలు మాత్రం ఇది నేను దుఃఖంలో ఉన్నప్పటి బొమ్మ, దుఃఖపు మొహం పెడితే జనానికి నచ్చనని నవ్వు నటిస్తున్నాను అనే అర్థంలో సాగుతాయి. జీవితమంతా మొహంతో కవిత్వం చెప్పినవాడు ఆ మొహాన్నే అబద్ధమని ఒప్పుకోవడం అది. భాష మాత్రం మారలేదు. అవే పొట్టి వాక్యాలు, అదే ఇంటి మాట. ఓదార్పు లేదు, దేవుడు లేడు, కాలమే మాన్పుతుందన్న ఊరడింపు కూడా లేదు. దుఃఖంలో ఒక్కోసారి తను పిచ్చి పనులు చేస్తానని, కొందరితో మాట్లాడాలని ఉండదని పిల్లలకు చెప్పేస్తారు. బడుల్లో, ఆసుపత్రుల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న పిల్లల చేతికి ఈ పుస్తకాన్ని ఇస్తున్నారంటే కారణం ఆ నిజాయితీయే. రోజెన్ పుస్తకాల్లో ఒక్కటే మిగలాలంటే ఎలుగుబంటి వేట కాదు, ఇదే మిగలాలనేవాళ్లున్నారు. ఆ మాట తీసిపారేయలేం.

అదే సూటి భాషలో ఆయన మరో వెతుకులాటా రాశారు. చిన్నప్పుడు నాన్నను అడిగితే, తనకు ఫ్రాన్సులో ఇద్దరు బాబాయిలుండేవారు, యుద్ధం తర్వాత లేరు అనేవాడు. రోజెన్ దశాబ్దాల పాటు కాగితాలు తవ్వి, ఇద్దర్నీ ఆష్విట్జ్‌కు రైలెక్కించారని కనుక్కున్నారు, ఒకర్ని 1943 నవంబరులో, ఇంకొకర్ని 1944 ఫిబ్రవరిలో. ‘ద మిస్సింగ్’ పేరుతో 2020లో వచ్చిన ఆ పుస్తకం కూడా పిల్లల కోసమే.

అదే ఏడాది మార్చిలో కోవిడ్‌తో ఉత్తర లండన్‌లోని విట్టింగ్టన్ ఆసుపత్రిలో చేరారు. నలభై ఎనిమిది రోజులు ఇంటెన్సివ్ కేర్‌లో, అందులో నలభై రోజులు మందులిచ్చి తెలివి లేకుండా ఉంచారు. ఆ రోజుల్లో నర్సులు ఆయన కోసం ఒక డైరీ రాశారు, ఇవాళ మీకు గడ్డం గీశాం, ఇవాళ మీకు పాటలు వినిపించాం లాంటి సంగతులతో. బ్రిటన్ ప్రజారోగ్య సేవకు అరవై ఏళ్లు నిండిన 2008లో ఆ ఉద్యోగుల చేతుల మీద రోజెన్ రాసిన కవితను దేశమంతా అప్పుడు మళ్లీ చదువుకుంటోంది. ఎడమ కన్ను చూపు, ఎడమ చెవి వినికిడి చాలావరకు పోయాయి. లేచి నిలబడడం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఎదుటి పిల్లల చూపు చదివి విరామాలు పెట్టే మనిషికి కన్నూ చెవీ తగ్గడం అంటే పనిముట్లు తగ్గడమే. అయినా మళ్లీ వేదికెక్కారు. 2023లో ఆయనకు పెన్ పింటర్ పురస్కారం వచ్చింది.

ఆసుపత్రి అనుభవం మీద 2021లో రెండు పుస్తకాలొచ్చాయి. పెద్దల కోసం రాసిన ‘మెనీ డిఫరెంట్ కైండ్స్ ఆఫ్ లవ్’లో నర్సుల డైరీ పుటలూ, ఆయన వచన కవితలూ కలగలిసి ఉంటాయి. పిల్లల కోసం రాసిన దానికి కథానాయిక చేతికర్ర. స్టికీ మెక్‌స్టిక్‌స్టిక్ అని దానికి పేరు. మంచం దిగడం, పడబోవడం, బల్ల పట్టుకుని నిలబడడం, కర్ర సాయంతో స్నానాల గది దాకా నడవడం, ఇంటికి రావడం. అంతే కథ. పెద్దల పుస్తకంలో మృత్యువు గురించి, రోగం గురించి, రాజకీయాల గురించి ఎన్నో ఆలోచనలున్నాయి, విలువైనవే. కానీ పనితనం ఎక్కువున్నది పిల్లల పుస్తకంలోనే. డెబ్బై నాలుగేళ్ల మనిషి నడక నేర్చుకోవడమేమిటని నవ్వు వస్తుంది. నడక నేర్చుకోవడం ఎంత కష్టమో పెద్దల కన్నా బాగా గుర్తున్నది వినేవాళ్లకే కాబట్టి, వాళ్లకు అది జాలి కథ కాదు, తమ ఈడువాడి కథ.